ముందు తాళం వేయించాను: ఏడో తరగతి పిల్లాడి ఫోన్ కేసు

“లాక్ పెడితే పాత చాట్‌లు కూడా పోతాయా మేడమ్?”

మొదటి రోజు ఆ పిల్లాడు నన్ను అడిగింది ఇదొక్కటే. ఆటలో ఫ్రెండ్స్‌తో మాట్లాడుకున్నవి పోతాయని బెంగ కాబోలు అనుకొని, “పోవు నాన్నా, భయపడకు” అన్నాను. తల దించేసుకున్నాడు. పోతాయని చెబుతానేమోనని ఆశపడ్డాడని తెలియడానికి నాకు పదిహేడు రోజులు పట్టింది.

విశాఖపట్నం మద్దిలపాలెంలో పిల్లల కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. ఇది రాయడానికి తల్లిదండ్రుల అనుమతీ, పిల్లాడి అనుమతీ తీసుకున్నాను. ఇంటి ఆనవాళ్ళు, పనుల వివరాలు, డబ్బు మొత్తాలు మార్చాను. పిల్లాణ్ణి చిన్నా అంటాను, అది అతని పేరు కాదు. కేసు బాగా నడిచిందని చెప్పుకోవడానికి రాయడం లేదు. మొదటి సగం నేను తప్పుగా నడిపాను. అందుకే రాస్తున్నాను.

ఎలా వచ్చారంటే

గత ఏడాది ఆగస్టు, బడిలో ఎఫ్ఏ-1 పరీక్ష మార్కులు వచ్చిన వారం. గాజువాక దాటి లోపలికి ఉండే ఒక కాలనీ నుంచి అమ్మా కొడుకూ బస్సులో వచ్చారు. తండ్రికి ప్లాంటులో కాంట్రాక్టు పని, షిఫ్టులు మారుతుంటాయి. ఆ వారం నైట్ డ్యూటీ, పగలు నిద్ర. అందుకని రాలేదు. తల్లి ఇంట్లో మిషన్ కుడుతుంది. పెద్దమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. చిన్నాకి పన్నెండేళ్ళు.

“మా గుంటడు రాత్రుళ్ళు పడుకోట్లేదండి,” అంది తల్లి. “ఫోన్ చేతిలో ఉన్నా టెన్షనే, లేకపోయినా టెన్షనే. నా ఖాతాలో డబ్బులు కూడా పోయినాయి. ఆటలో పెట్టేసినాడు.”

రెండున్నర నెలల్లో రూ. 2,340. ఒకసారి 90, ఒకసారి 150, మరోసారి 200, ఇలా.

ఇంట్లో ఫోన్లు రెండు. తండ్రిది తండ్రితో పాటే డ్యూటీకి పోతుంది. మిగిలింది తల్లి ఫోన్. స్కూల్ గ్రూపులో హోంవర్క్ వచ్చేది దాంట్లోనే, లెక్కల వీడియోలు చూసేది దాంట్లోనే. పెద్దమ్మాయి ఎంట్రెన్స్ ప్రశ్నలు చేసుకునేదీ, బ్లౌజు డిజైన్ల ఫొటోలు వచ్చేదీ, కుట్టుకూలి పడేదీ దాంట్లోనే. “పిల్లలకి ఫోన్ ఇవ్వకండి” అని వేదికలెక్కి చెప్పేవాళ్ళు ఈ ఇంట్లో ఒక్క సాయంత్రం కూర్చుంటే తెలుస్తుంది, ఆ మాట ఎంత పనికిరానిదో.

ఆ ఫోన్‌లోని గూగుల్ ఖాతా తల్లిది. యూట్యూబ్‌కి గానీ ప్లే స్టోర్‌కి గానీ తెలిసినంతలో ఆ ఫోన్ వాడుతున్నది ముప్పై ఆరేళ్ళ ఆడమనిషి. గేమ్‌లోనూ తల్లి పుట్టినతేదీయే వేశాడు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండనివాళ్ళందరినీ పిల్లలుగానే లెక్కవేస్తుంది, వాళ్ళ వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. అమ్మ పుట్టినతేదీ వేసిన చోట ఆ రక్షణకి పిల్లాడు కనపడనే కనపడడు.

నేను చేసిన పని

మేనమామ వాడి పక్కన పెట్టేసిన ఫోన్ ఒకటి ఉందంటే తెప్పించాను. దాన్ని పూర్తిగా రీసెట్ చేయించి, చిన్నా అసలు పుట్టినతేదీతో పిల్లల ఖాతా తెరిపించి, తల్లి ఫోన్‌లో ఫ్యామిలీ లింక్ (పిల్లల ఫోన్‌ని పెద్దవాళ్ళు అదుపులో పెట్టుకునే గూగుల్ యాప్) పెట్టించాను. చదువుకి గంట, ఆటకి అరగంట, రాత్రి తొమ్మిది దాటితే లాక్. కొత్త యాప్ ఏది వేసుకోవాలన్నా అనుమతి అడుగుతూ తల్లి ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, ఆమె సరే అంటేనే దిగుతుంది. యూపీఐ పిన్ మార్పించాను. మొత్తం నలభై నిమిషాల పని. తల్లి ముఖంలో కాస్త ధైర్యం కనిపించింది. నాకూ ఏదో సాధించినట్టే అనిపించింది.

వీటిలో ఏ ఒక్కటీ తప్పుడు సలహా కాదు, ఇప్పటికీ ఇవే చెబుతాను. అయితే ఆ రోజు చూడాల్సింది ఒకటి చూడలేదు. డబ్బు ఎవరికి పోయిందో యూపీఐ యాప్ హిస్టరీలో ఉంటుంది. ఆటలో కొనుక్కుంటే ఆ చెల్లింపు యాప్ స్టోర్ పేరు మీదో కంపెనీ పేరు మీదో పడుతుంది. ఇక్కడ చెల్లింపులన్నీ ఒక మనిషి పేరుకి పోయాయి. తెరిచి చూస్తే నిమిషం పట్టేది కాదు. తల్లి “ఆటలో పెట్టేసినాడు” అంది, నేను ఫారంలో గేమింగ్ దగ్గర టిక్ పెట్టేశాను.

ఇంకొకటి కూడా ఆమె చెప్పింది, నేను వినలేదు. వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చినట్టు పైన చూపిస్తుందట, లోపలికెళితే ఏమీ ఉండదట. “ఫోన్ పాతబడిపోయింది కదండీ,” అనుకుందామె. నేనూ అలాగే తలాడించాను.

పదో రోజున ఫోన్ చేసింది. చిన్నా కడుపునొప్పి అని రెండు రోజులు బడి మానేశాడు. పక్కింటి కుర్రాడి ఫోన్ అడిగి తీసుకొని మేడ మీద కూర్చుంటున్నాడు. “మీరు లాక్ పెట్టించినాక ఇంకా పాడైపోయినాడండి,” అంది. అందులో కోపం లేదు, ఉన్న సంగతి చెప్పింది.

రెండోసారి

ఈసారి ఫైలు తెరవలేదు. కూర్చోబెట్టి రెండు మాటలు చెప్పాను. ఇక్కడ చెప్పినవి నా దగ్గరే ఉంటాయని ఒకటి. నిన్నెవరైనా బాధపెడుతున్నారని తెలిస్తే మాత్రం దాచకూడదు, అప్పుడు కూడా ముందు నీకు చెప్పే చేస్తానని రెండోది. ఈ రెండో మాట ముందే చెప్పి తీరాలి. అంతా విన్నాక చెబితే పిల్లలకి అది మోసంలాగే ఉంటుంది.

ఆ తర్వాత నా ఫోన్‌లో వాడి ఆట దించి, నేర్పమన్నాను. ఇరవై నిమిషాలు నన్ను చూసి నవ్వుకున్నాడు. ఎటు కాల్చినా గోడకే తగిలింది. తన ఐడీతో లాగిన్ అయి ఫ్రెండ్స్ జాబితా చూపిస్తూ ఇతను మా క్లాస్, ఇతను ట్యూషన్, ఇతను మా పెదనాన్న కొడుకు అంటూ పోయాడు. ఒక పేరు దగ్గర వేలు ఆగింది. దాన్ని దాటేసి కింద పేరుకి వెళ్ళాడు.

“మధ్యలో ఒకరిని వదిలేశావు,” అన్నాను.

చాలాసేపు పలకలేదు. తర్వాత, “ఫోన్ తీసేసుకుంటే మళ్ళీ ఎప్పుడిస్తారు మేడమ్? బడి మాన్పించెయ్యరు కదా?” అని అడిగాడు.

మిగతాది ముక్కలు ముక్కలుగా వచ్చింది. వదిలేసిన ఆ పేరువాడితో వేసవి సెలవుల్లో ఆటలో పరిచయం. వైజాగ్‌లోనే తొమ్మిదో తరగతి అని చెప్పుకున్నాడు. వాయిస్ చాట్‌లో గొంతు పెద్దవాళ్ళ గొంతులాగే ఉండేదట, చిన్నా పట్టించుకోలేదు. రెండుసార్లు ఆటలో గిఫ్టులు పంపాడు. వాట్సాప్ నంబర్ అడిగితే చిన్నా అమ్మ నంబర్ ఇచ్చాడు. ఆ చాట్‌కి లాక్ ఎలా పెట్టాలో, రహస్య కోడ్‌తో జాబితాలోనే కనపడకుండా ఎలా దాచాలో కూడా ఆ మనిషే నేర్పాడు. తల్లికి మెసేజ్ వచ్చినట్టు కనిపించి లోపల ఏమీ లేకపోవడం ఇదే. ఫోన్ పాతబడి కాదు. మెసేజ్‌లు 24 గంటల్లో మాయమయ్యేలా కూడా పెట్టించాడు.

ఆ తర్వాత పందెం అంటూ ఫొటో అడిగాడు. ముందు చొక్కా లేకుండా. తర్వాత అడగకూడనిది. చిన్నా ఒక్కటి పంపాడు. ఆ రోజు నుంచే డబ్బు అడగడం మొదలైంది. పన్నెండేళ్ళవాడి దగ్గర ఎంత రాలుతుందో తెలిసిన మనిషి, 90, 150 అనే అడిగాడు.

“నీ స్కూల్ నాకు తెలుసు, గ్రూపులో పెట్టేస్తాను” అని బెదిరించాడట. స్కూల్ ఎలా తెలిసిందో చిన్నాకి అంతుపట్టలేదు. తల్లి వాట్సాప్ డీపీ తెరిచి చూశాను. ఆగస్టు పదిహేనున తీసిన ఫొటో. యూనిఫాం, టై, జేబు మీద స్కూల్ బ్యాడ్జి.

వాటన్నిటికంటే గట్టిగా పనిచేసిన బెదిరింపు వేరే ఉంది. “మీ నాన్నకి తెలిస్తే ఫోన్ పగలగొడతాడు, చదువు మాన్పించి పనిలో పెడతాడు.” ఆ మనిషి ఈ ఇంటిని చూడలేదు, చిన్నా తండ్రిని చూడలేదు. అయినా ఆ మాట అతికింది. చిన్నా నా గదికి వచ్చిన మొదటి రోజునే మేమంతా కలిసి ఫోన్‌కి తాళం వేశాం. అంటే ఆ మనిషి చెప్పిందే నిజమని రుజువు చేసి పంపించాం. పైగా జవాబివ్వడానికి తల్లి ఫోన్ చేతిలో లేకపోవడంతో బెదిరింపులు పెరిగాయి. మేడ మీద పక్కింటి ఫోన్‌లో జరిగింది బతిమాలుకోవడం.

“ఫొటో చూపించనా మేడమ్?” అన్నాడు చివర్లో. “వద్దు నాన్నా. నేను చూడకూడదు. నాకు చూడాల్సిన పనీ లేదు,” అన్నాను. ఇది ఇంకా చాలామంది పెద్దవాళ్ళకి తెలియదు. సాక్ష్యం కదా అని పిల్లల అలాంటి ఫొటోని బంధువులకో, తెలిసిన లాయర్‌కో, టీచర్‌కో ఫార్వర్డ్ చేస్తారు. పిల్లల అసభ్య చిత్రాలను పంపడం ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద నేరం. పంపేది కన్నవాళ్ళే అయినా ఆ ఫొటో మరో ఫోన్‌లోకి చేరినట్టే.

నాన్నకి చెప్పడం

పోలీసుల దాకా వెళ్ళక తప్పదని చిన్నాకి అక్కడే చెప్పాను. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టంలో 19వ సెక్షన్ ప్రకారం ఇలాంటిది తెలిసిన వ్యక్తి పోలీసులకి తెలపాల్సిందే. తెలిసీ ఊరుకుంటే అదే నేరం. నాకూ మినహాయింపు లేదు. ముందు నాన్నకి ఎవరు చెప్పాలని అడిగితే “మీరే చెప్పండి, నేను పక్కన ఉంటాను” అన్నాడు.

ఆ సాయంత్రమే తల్లిదండ్రులిద్దరినీ విడిగా కూర్చోబెట్టాను. తండ్రి మొదటి మాట నేను అనుకున్నదే. “ఆ ఫోన్ బద్దలుకొట్టేస్తాను.” రెండోది, “మగపిల్లాడికి కూడా ఇలాగ చేస్తారేటండి?” చేస్తారు. పోక్సో చట్టానికి ఆడా మగా తేడా లేదు, 18 లోపు ఉంటే చాలు. మూడోది అసలు భయం. “స్టేషన్‌కెళ్తే మా గుంటడి పేరు బయటికొచ్చేస్తాది.”

దానికి చట్టంలో ఉన్నదే చెప్పాను. పిల్లాడి వాంగ్మూలం ఇంట్లోనో, అతను కోరుకున్న చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్‌ఐ హోదాకి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి, యూనిఫాంలో రాకూడదు. పిల్లల పేరు, ఫొటో, ఇల్లు, బడి ఏవీ పత్రికల్లో రాకూడదు. తండ్రి ఇవన్నీ రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు.

ఆ తర్వాత చిన్నాని లోపలికి పిలిస్తే మీరు అనే మొదటి మాట ఏమిటని అడిగాను. పిల్లలకి జీవితాంతం గుర్తుండేది అదే కాబట్టి ముందుగా అనుకొని పెట్టుకోమంటాను. “చెప్పి మంచి పని చేశావు, ఫోన్ లాక్కోము” అనమని చెప్పాను. తల్లి మనసులో వల్లెవేసుకుంది. తండ్రి గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

చిన్నా వచ్చాడు, నేను చెప్పాను. తల్లి ఏడ్చేసింది, అనుకున్న మాట రాలేదు. తండ్రి కాసేపాగి, నేను చెప్పమన్నది కాకుండా ఇంకొకటి అన్నాడు.

“నేనూ ఇలాగే ఇరుక్కున్నాన్రా. బ్యాంకు నుంచని ఎవడో ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పేసినాను. తొమ్మిదివేలు పోయినాయి. నీ అంత వయసులో కూడా కాదు, నలభై దగ్గరికొచ్చేక.”

ఆ తొమ్మిది వేల సంగతి భార్యకి అప్పటిదాకా తెలియదు. ఏడుపు ఆపి భర్త వైపు చూసింది. చిన్నా కూడా చూశాడు. నేను రాసిపెట్టుకున్న వాక్యాలన్నిటికంటే అది ఎక్కువ పనిచేసింది. మూడు నెలల తర్వాత మొదటిసారి ఆ రాత్రి ఒంటిగంటకి ముందే నిద్రపోయాడని మర్నాడు తల్లి చెప్పింది. ఆ తొమ్మిది వేల గురించి ఆలుమగల మధ్య ఏం జరిగిందో నేను అడగలేదు.

ఆ రెండు రోజుల్లో

ఏదీ డిలీట్ చేయనివ్వలేదు. బ్లాక్ చేయడానికి కూడా ముందు ఆగాం. మాయమయ్యే మెసేజ్‌లు కాబట్టి మిగిలి ఉన్నవి చివరి 24 గంటల బెదిరింపులే. వాటికీ, నంబర్‌కీ, ఆటలోని ఐడీకీ, చెల్లింపుల జాబితాకీ స్క్రీన్‌షాట్లు తీశాం. చాట్ చెరిగిపోయినా యూపీఐ ఐడీ చెరగదు. సైబర్ క్రైమ్ పోలీసులు ముందుగా అడిగింది కూడా అదే.

డబ్బు గురించి 1930కి ఫోన్ చేశారు. అది కేంద్ర ప్రభుత్వ సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చెబితే డబ్బు దారిలో నిలిపేసే వీలు అంత ఎక్కువ. ఇక్కడ నెలలు దాటిపోయాయి, ఆ రూ. 2,340 తిరిగి రాలేదు. ఫిర్యాదు స్టేషన్‌లో నేరుగా ఇచ్చారు. సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో పిల్లలకి, మహిళలకి సంబంధించిన నేరాలకు వేరే విభాగం ఉంది, స్టేషన్‌కి వెళ్ళడానికి జంకేవాళ్ళు అక్కడ మొదలుపెట్టవచ్చు. 1098 పిల్లల హెల్ప్‌లైన్ కూడా ఉంది. మామూలు చీరలో వచ్చిన ఎస్‌ఐ గారు మిషన్ పక్కన స్టూలు మీద కూర్చొని చిన్నాతో మాట్లాడారు. అతనికి ఆవిడ పోలీసని నమ్మకం కుదరక ఐడీ కార్డు చూపించమన్నాడు. మంచిదే నేర్చుకున్నాడని ఆవిడ చూపించారట.

పోలీసులతో మాట్లాడాక, టేక్ ఇట్ డౌన్ అనే సేవ వాడాం. అమెరికాలో తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం పనిచేసే జాతీయ కేంద్రం 2023లో తెచ్చింది. ఏ దేశంవాళ్ళైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఫొటో ఫోన్ దాటి బయటికి పోదు. దాని నుంచి వేలిముద్రలాంటి ఒక కోడ్ తయారై అది మాత్రం వెళుతుంది. ఇందులో చేరిన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి చోట్ల ఎవరైనా ఆ ఫొటో పెడితే ఆ కోడ్‌తో పట్టుకొని తీసేయగలుగుతారు. వాట్సాప్ చాట్‌లలాంటి ఎన్‌క్రిప్టెడ్ మెసేజ్‌లకి ఇది పనిచేయదు. ఆ సంగతి చిన్నాకి ఉన్నదున్నట్టు చెప్పాను. అబద్ధపు భరోసా ఇచ్చి ఉంటే తర్వాత నా మాట నమ్మడు.

మళ్ళీ ఫోన్

తండ్రి అడిగిన మాట న్యాయమైనదే. “ఇంత జరిగేక కూడా ఆట ఎందుకండి?” ఎందుకంటే ఆట మాన్పిస్తే, చెప్పినందుకు దొరికిన ఫలితం అదే అవుతుంది. ఒప్పుకోవడానికి ఆయనకి వారం పట్టింది. ఆదివారం నలభై నిమిషాలు, క్లాసు పిల్లలతోనే, వాయిస్ చాట్ ఆఫ్ అని ఒప్పందం. షరతులు చిన్నా చేతే రాయించాం. ఆరో షరతు అతను సొంతంగా కలిపాడు, అక్క తన ఫోన్ ముట్టుకోకూడదని. అది కొట్టేశాం.

చదువుకి ఫోన్ మిషన్ పక్కనే, స్క్రీన్ అమ్మకి కనపడేలా. పాఠ్యపుస్తకంలో ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్ష అనే ప్రభుత్వ పాఠాల యాప్‌లో ఆ పాఠానికే వెళుతుంది, పక్కన ఇంకేవో వీడియోలు లాగవు. యూట్యూబ్‌లో పిల్లల ఖాతాకి ఎక్స్‌ప్లోర్ అనే స్థాయి పెట్టాం, అది తొమ్మిదేళ్ళు పైబడినవాళ్ళకి. ఆ జల్లెడలో అతను చూసే లెక్కల మాస్టారి వీడియోలు కొన్ని కూడా రాలిపోయాయి. రెండు వారాలు చూసి పై స్థాయికి మార్చాం. జల్లెడ ఎంత సన్నగా ఉంటే అంత మంచిదని నేను అనుకోను. కావాల్సిన పాఠం దొరకని పిల్లాడు పక్కింటి ఫోన్ అడుగుతాడు, అది ఈ ఇంట్లో చూశాం.

తల్లి డీపీ మార్చి, కాంటాక్టుల్లో ఉన్నవాళ్ళకే కనపడేలా సెట్టింగ్ పెట్టాం. గ్రూపుల్లో ఎవరు పడితే వాళ్ళు చేర్చకుండా కూడా. లాక్ చేసిన చాట్‌లు ఎక్కడుంటాయో ఆమెకి చూపించాను. రహస్య కోడ్ పెడితే కనపడవని, అప్పుడు వెతకడం కంటే అడగడమే దారని చెప్పాను.

నేను మార్చుకున్నది ఒకటే. నా ఫారంలో “రోజుకి ఎన్ని గంటలు ఫోన్ చూస్తాడు” అన్నది మొదటి పేజీలో ఉండేది. దాన్ని వెనక్కి పంపి, ఆ చోట పిల్లల్నే అడిగే ప్రశ్న పెట్టాను: “ఫోన్‌లో ఏదైనా తప్పు జరిగితే ఇంట్లో ఏం చేస్తారని నీకు అనిపిస్తుంది?” పగలగొడతారు, తీసేసుకుంటారు అన్న జవాబు వస్తే ఆ రోజు ఏ లాకూ పెట్టించను. ముందు పెద్దవాళ్ళతో మాట్లాడతాను.

నాలుగో నెలలో, నైట్ డ్యూటీలో ఉండగా తండ్రికి చిన్నా ఫోన్ చేశాడట. ఆటలో తెలియనివాడెవడో గిఫ్ట్ పంపుతానంటున్నాడని. ఆయన షిఫ్టు మధ్యలోంచి నాకు చేశారు, ఏం చెప్పాలని. మీరేం చెప్పారని అడిగాను. “వద్దను, బ్లాక్ చేసెయ్, పొద్దున్న వచ్చేక చూద్దాం అన్నాను. కరక్టేనా అండి?” కరక్టే అన్నాను.

కేసు ఇంకా నడుస్తోంది. ఆ యూపీఐ ఖాతా వేరే రాష్ట్రంలో తేలిందని మాత్రం తెలుసు. చిన్నా ఇప్పటికీ లైటు వేసుకునే పడుకుంటాడు. రాత్రి మెలకువ వచ్చి గుండె దడ అనిపిస్తే చేయమని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఫ్రిజ్ మీద అంటించారు, రెండుసార్లు చేశారు. లెక్కల్లో మాత్రం ఎఫ్ఏ-3లోనూ వెనకే ఉన్నాడు. భిన్నాలు మొదటినుంచీ రావట, దానికి ఫోన్‌తో సంబంధం లేదట. వాళ్ళ అక్క చెప్పింది.